ల్యాప్‌టాప్ కొనుటకు ముందు



గత వేసవియందు మన పాఠశాలలో చదివి వెళ్లిన ఒక బాలిక తండ్రి నన్ను చూడవచ్చెను. ఆయన హొసూరు ప్రాంతమున గులాబీతోట కౌలుకు చేయు రైతు. పదవ తరగతి ముగించి సివిల్ డిప్లమాలో చేరిన కుమార్తెకై ఆయన రెండేండ్ల క్రిందట ఇంటి నగ కుదువపెట్టి, 22,000 రూపాయలకు ఒక ల్యాప్‌టాప్ కొనెను. ఇప్పుడది తెరచుకొనుటకే పది నిమిషములు పట్టుచున్నది. పటములు గీయు ప్రోగ్రాము తెరచినచో కదలక నిలిచిపోవుచున్నది.

“అయ్యవారూ, దీనిని బాగుచేయింపవచ్చునా? మరియొకటి కొనవలెనా?” అని ఆయన అడిగెను.

యంత్రమును పరిశీలించితిని. అందు మెమరీ 4 జీబీ, నిలువచోటు 64 జీబీ మాత్రమే. రెండును లోపలి పలకకు అతికింపబడి యున్నవి, పెంచుటకు వీలులేదు. ఆ యంత్రము చెడిపోలేదు. కొన్ననాడే అది ఆ పనికి చాలినది కాదు. ఈ సంగతి చెప్పగా ఆయన ఎవరిని నిందింపలేదు. “మాకు చెప్పువారు లేకపోయిరి” అని మాత్రము అనెను. ఆ మాటయే ఈ పాఠమునకు కారణము.

తమిళనాడు ప్రభుత్వము 2011వ సంవత్సరమున ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల విద్యార్థులకు ఉచితముగ ల్యాప్‌టాప్‌ల నిచ్చు పథకమును ప్రారంభించినది. మన ప్రాంతమున కొన్ని ఇండ్లలో మొదట అడుగిడిన కంప్యూటరు అదియే. ఉచితముగ వచ్చినదానిని ఎన్నుకొను పనిలేదు. చెమటోడ్చిన సొమ్ము పెట్టి కొనునప్పుడు మాత్రము ఎన్నిక తెలిసియుండవలెను.

1. మొదట పని, పిదప యంత్రము

అంగడికి పోవుటకు ముందే ఒక కాగితముపై మీ పనులను వ్రాసికొనుడు. పాఠములు చూచుట, వ్యాసములు వ్రాయుట, లెక్కల పట్టికలు వేయుట తేలికపనులు. ప్రోగ్రాములు వ్రాయుట, ఇంజనీరింగు పటములు గీయుట నడిమిపనులు. వీడియోలు కూర్చుట, పెద్ద ఆటలు ఆడుట బరువుపనులు. మూడింటికిని ఒకే యంత్రము కావలెనన్నచో, ఏ పని లేకున్న చదువు ఆగిపోవునో దానిని మొదట వ్రాసి, దాని క్రింద గీత గీయుడు. సొమ్ము ముందుగ ఆ గీతకు పైనున్న పనికే చెందవలెను.

2. యంత్రములోని భాగములు

ఒక కచ్చేరిని ఊహించుకొనుడు. అందు లెక్కలు వ్రాయు గుమస్తా ప్రాసెసరు. గుమస్తా ముందున్న బల్ల మెమరీ. కాగితములు దాచు బీరువా నిలువచోటు. బల్ల చిన్నదైనచో, గుమస్తా ఎంత చురుకైనవాడైనను ప్రతి కాగితమునకు లేచి బీరువాకు పోయి రావలసివచ్చును. ఆ బాలిక యంత్రము పదినిమిషములు చేయుచుండిన పని ఇదియే.

విండోస్ 11 నడచుటకు 4 జీబీ మెమరీ, 64 జీబీ నిలువచోటు కనీసమని దాని నిర్మాతలు ప్రకటించినారు. కనీసమనగా తెరచుకొనుటకు చాలునని అర్థము. పనిచేయుటకు చాలునని కాదు. చదువునకు 8 జీబీకి తగ్గరాదు. పటములు గీయువారికి, పెద్ద ఆటలు కోరువారికి 16 జీబీ మేలు.

నిలువచోటు విషయమున పరిమాణముతోపాటు వేగమును చూడవలెను. పళ్లెము తిరుగు పాతరకపు హార్డ్ డిస్కు క్షణమునకు సుమారు 100 మొదలు 150 ఎంబీలు చదువును. సాటా ఎస్.ఎస్.డి. సుమారు 500 ఎంబీలు చదువును. ఎన్‌వీఎంఈ అను రకము అంతకు అనేక రెట్లు చదువును. కావున 1,000 జీబీల హార్డ్ డిస్కు కంటె 256 జీబీల ఎస్.ఎస్.డి. విద్యార్థికి ఎక్కువ ఉపకారి. 512 జీబీలున్నచో మరియు మంచిది.

3. మార్పరానివాటికి ముందు వెచ్చింపుడు

ఈ పాఠమునకు ప్రాణమైన సూత్ర మిది: తరువాత మార్చుకొనగలిగినవానిని ఇప్పుడు తక్కువగ కొన్నను నష్టములేదు, మార్చుకొనజాలనివానిని తక్కువగ కొనరాదు.

ప్రాసెసరు, గ్రాఫిక్సు, తెర అనునవి కొన్న తరువాత మార్చుకొనుట సామాన్యులకు సాధ్యము కాదు. ఎస్.ఎస్.డి.ని పెక్కు యంత్రములలో మార్చుకొనవచ్చును. మెమరీ రెండు విధములు. కొన్నింట పలకకు అతికింపబడియుండును. కొన్నింట గాడియందు అమర్చబడియుండును. అందుచే అంగడివానిని ఈ మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను. మెమరీ అతికించినదా, గాడిలోనిదా? ఖాళీగాడి కలదా? ఎస్.ఎస్.డి. మార్చుటకు వీలున్నదా? ఉత్తరము బిల్లుపై వ్రాయించుకొనుట ఉత్తమము.

కృత్రిమమేధకై నిర్మింపబడుచున్న డేటా కేంద్రములు మెమరీని విశేషముగ కొనుచుండుటచే, 2025వ సంవత్సరపు చివరి నెలలనుండి దాని ధర బాగుగ పెరిగినది. కాబట్టి వెనుకటి ధరలు చూచి లెక్కవేయరాదు. సొమ్ము చాలనివారు నేడు 8 జీబీ గల యంత్రమును ఖాళీగాడితో కొని, వీలు కుదిరినప్పుడు పెంచుకొనవచ్చును. గాడి లేని యంత్రమున ఆ అవకాశము ఎన్నటికిని లేదు.

తెర విషయమున 1920, 1080 అను అంకెలను చూడుడు. 1366, 768 అని యున్నచో ఆ తెరయందు చుక్కలు ఇంచుమించు సగమే. ఆంగ్లాక్షరములకు అది కొంత చాలవచ్చును గాని, గుడికిని గుడిదీర్ఘమునకును భేదము చూపవలసిన మన లిపికి, క్రింద వత్తులు గల మన సంయుక్తాక్షరములకు చాలదు. గంటలకొలది తెలుగు చదువు కన్నులకు తెర స్పష్టత భోగము కాదు, అవసరము.

4. పేరు చూచి భ్రమపడరాదు

ఐ5 అనునది ఐ3 కంటె ఎల్లప్పుడును గొప్పదని పలువురు నమ్ముదురు. ఐ5-7200యూ అను ఏడవతరపు ప్రాసెసరునకు కోరులు 2 మాత్రమే. ఐ3-1215యూ అను పండ్రెండవతరపు దానికి కోరులు 6. పనిలో రెండవదే మిన్న. ఇంటెల్ వారి ఈ పేర్లలో గీత తరువాతి మొదటి అంకె లేక రెండంకెలు తరమును తెలుపును.

ఏఎండీ వారు 2023 నమూనాలకై ప్రవేశపెట్టిన పేర్ల పద్ధతిలో మూడవ అంకె ముఖ్యము. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అను రెండును కవలలవలె కనబడును. మొదటిదానిలోని 2 పాతదైన జెన్ 2 నిర్మాణమును, రెండవదానిలోని 3 జెన్ 3 నిర్మాణమును సూచించును. మొదటిదానికి కోరులు 4, రెండవదానికి 6. అంతేకాక 7520యూ గల యంత్రములలో మెమరీ పలకకు అతికింపబడియే యుండును. పేరులో ఒక్క అంకె భేదము. పనిలో ఎంత అంతరమో చూడుడు!

5. ఆటల సంగతి

ఆటలు వద్దని నేను చెప్పను. చెప్పినను మీరు వినరు! అయితే ఆటలకై ప్రత్యేకముగ చేసిన ల్యాప్‌టాప్ అందరికిని అవసరము కాదు. మైన్‌క్రాఫ్ట్, వాలరంట్ వంటి ఆటలు ప్రాసెసరులోనే ఇమిడియున్న గ్రాఫిక్సుతో, అమరికలు తగ్గించుకొన్నచో, నేటి మంచి సామాన్య యంత్రములలో ఆడవచ్చును. ఇమిడియున్న గ్రాఫిక్సు ప్రధాన మెమరీనే పంచుకొనును. కావున 16 జీబీల ఒక్క పలుకు కంటె 8 జీబీల పలుకులు రెండు అమర్చినచో ఆట సాఫీగ సాగును.

పెద్ద ఆటలకు ఆర్‌టీఎక్స్ 3050 వంటి వేరు గ్రాఫిక్సు కావలెను. దానితోపాటు వేడి, బరువు, కరెంటు వాడుక హెచ్చును. చిన్న లెక్క చూడుడు. సామాన్య యంత్రపు అడాప్టరు 45 వాట్లనుకొందము. అయిదు గంటలలో అది వాడగల మిక్కిలి విద్యుత్తు 225 వాట్ గంటలు, అనగా పావు యూనిట్టు కంటె తక్కువ. ఆటల యంత్రపు అడాప్టరు 180 వాట్లైనచో అదే కాలమున 900 వాట్ గంటలు, అనగా ఇంచుమించు యూనిట్టు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీపై సామాన్య యంత్రమే ఎక్కువసేపు నిలుచును. బస్సులో నిలబడి కళాశాలకు పోవు విద్యార్థి భుజమునకు దాని బరువు భేదము ప్రతిదినము తెలియును.

6. వాడిన ల్యాప్‌టాప్ కొనవచ్చునా?

కొనవచ్చును. హొసూరునకు బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. అచటి కంపెనీలు కొన్నేండ్లకొకమారు తమ ల్యాప్‌టాప్‌లను మార్చును. ఆ పాతవి ఎస్.పి. రోడ్డు వంటి బజారులకు వచ్చును. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి కచ్చేరి యంత్రములు గట్టివి; మీటలు మంచివి. అయితే నాలుగు పరీక్షలు చేయవలెను.

మొదటిది, తరము. విండోస్ 10 నకు నిర్మాతల మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీన ముగిసినది. విండోస్ 11 నకు ఇంటెల్ ప్రాసెసరైనచో ఎనిమిదవ తరమో, దాని తరువాతిదో కావలెను. అంతకు పాతది ఎంత చవుకైనను మానుడు. ఇదివరకే ఇంటనున్న పాతదానియందు ఉబుంటు వంటి ఉచిత లైనక్సును పెట్టుకొనవచ్చును.

రెండవది, బ్యాటరీ. కంప్యూటరే తన బ్యాటరీ నివేదికను ఈయగలదు. కొత్తగ నున్నప్పటి సామర్థ్యము 50 వాట్ గంటలు, ఇప్పటిది 30 అయినచో నిలిచినది 60 శాతము. కొత్త బ్యాటరీ వెలను బేరములో తగ్గించుమనవలెను.

మూడవది, తాళము. పాత కంపెనీ పెట్టిన సంకేతపదముతో యంత్రము బంధింపబడియున్నదేమో తెరచి చూడవలెను.

నాలుగవది, బిల్లు, పూచీ. ఎన్నినెలల పూచీయో కాగితముపై లేనిచో ఆ పూచీ లేనట్లే.

7. అంగడిలో ‘అమ్మ’ అని వ్రాయుడు

ఇది మనవంటి వారికే చెందిన పరీక్ష. ‘ఈ ల్యాప్‌టాప్‌లో తెలుగు వచ్చునా?’ అని తల్లిదండ్రులు భయపడుచుందురు. యూనికోడ్ అను ప్రపంచ లిపిసంకేతమున 1991వ సంవత్సరపు మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. నేటి విండోస్‌లో తెలుగక్షరములును, తెలుగు మీటల అమరికయు ఉన్నవి; వేరుగ కొనవలసిన పనిలేదు.

ఆ అమరిక పేరు ఇన్‌స్క్రిప్ట్. దీనిని 1980ల దశాబ్దమున భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నింటికిని ఉమ్మడిగ రూపొందించినది. తెలుగును ఎన్నుకొని, షిఫ్టుతో డి, పిదప సి, డి, సి అను మీటలను వరుసగ నొక్కుడు. తెరపై ‘అమ్మ’ అను మాట వచ్చును. ఇప్పుడు భాషను కన్నడమునకు మార్చి అవే నాలుగు మీటలను నొక్కుడు. కన్నడ ‘అమ్మ’ వచ్చును. తమిళమునకు మార్చి నొక్కినచో తమిళాక్షరములలో ‘అమ్మ’ వచ్చును. చివర దీర్ఘమునకు ఇ మీటను చేర్చినచో తమిళుల ‘అమ్మా’ యగును. తమిళమునకు తమిళ్99 అను వేరొక అమరికయు వాడుకయందున్నది. కాని మూడు భాషల నడుమ బ్రదుకు మనకు ఒక్క అభ్యాసముతో మూడు లిపులు వచ్చుట గొప్ప లాభము. ఇంటిభాష నేర్చుకొన్నందున బడిభాషకు లోటు రాదని ఆ నాలుగు మీటలే చెప్పుచున్నవి.

ముగింపు

ఆ రైతు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాయించుకొని కుమార్తెతో బెంగుళూరు పోయెను. అంగడిలో ప్రశ్నలన్నియు ఆ బాలికయే అడిగెనట. రెండంగళ్లలో సరియైన ఉత్తరము రానందున కొనక బయటికి వచ్చిరి. మూడవ అంగడిలో 16 జీబీ మెమరీ గల, ఎనిమిదవ తరపు పాత కచ్చేరి యంత్రము దొరకెను. పటములు ఇప్పుడు ఆగక సాగుచున్నవి. కుదువపెట్టిన నగ మాత్రము ఇంకను విడిపింపబడలేదు. తెలియక చేసిన మొదటి కొనుగోలు వెల అది.

విద్యార్థులారా! ఈ పుటను ఇంటియందు తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు. సొమ్ము వారిది, అడుగవలసిన బాధ్యత మీది.

అభ్యాసము

1. మెమరీని బల్లతోను, నిలువచోటును బీరువాతోను పోల్చుటకు కారణమేమి?
2. ఒక బ్యాటరీ మొదటి సామర్థ్యము 48 వాట్ గంటలు, ఇప్పటిది 36. నిలిచిన శాతమెంత?
3. ల్యాప్‌టాప్‌లో మార్చుకొనగలిగిన భాగములను, మార్చుకొనజాలని భాగములను వేరువేరుగ వ్రాయుడు.
4. మీ ఇంటి అవసరములను మూడు వాక్యములలో వ్రాసి, తగిన యంత్రమును వర్ణింపుడు.