జ్వరం దాస్తే చదువు నిలుస్తుందా? (విదేశీ చదువు - ఆరోగ్యం: ప్రశ్నలు - జవాబులు)

ప్ర: మా బాల్కనీలోంచి చూస్తే అమెరికన్ కాన్సులేట్ కనిపిస్తుంది. 2020లో మా పెద్దవాడు టెక్సస్‌లో ఎం.ఎస్. చదివేవాడు. ఆ జులైలో కరోనా వచ్చి గదిలో ఒక్కడే పడి ఉన్నాడన్న సంగతి మాకు దసరాకి గానీ తెలియలేదు. అడిగితే, "చెబితే వచ్చెయ్యమంటారు, క్లాసులు తగ్గితే స్టేటస్ పోతుంది, అందుకే చెప్పలేదు" అన్నాడు. ఇప్పుడు అమ్మాయికి ఫాల్‌కి అడ్మిట్ వచ్చింది. తనకి చిన్నప్పటి నుంచీ ఆస్తమా. యూనివర్సిటీ హెల్త్ ఫారంలో ఆ మాట రాయొద్దని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. రాయాలా, వద్దా? మళ్లీ అలాంటి రోజులొస్తే యూనివర్సిటీ చూసుకుంటుందా?
- ఒక తండ్రి, నానక్‌రామ్‌గూడ

జ: రాయాలండీ. రాయొద్దన్న వాళ్లని ఒక్క మాట అడగండి: అర్ధరాత్రి అమ్మాయికి ఊపిరి అందకపోతే, ఆస్తమా ఉందని అక్కడి డాక్టరుకి ఎవరు చెబుతారు? కన్సల్టెన్సీ ఆఫీసు ఆ వేళకి తెరిచి ఉంటుందా?

హెల్త్ ఫారం అడ్మిషన్ వచ్చాక నింపేది. అది క్యాంపస్‌లోని హెల్త్ సెంటర్‌కి వెళ్తుంది, సీటు ఇచ్చే కమిటీకి వెళ్లదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఆరోగ్యం గురించి ప్రశ్నలున్న మాట నిజమే. అవి క్షయలాంటి అంటువ్యాధుల గురించి, ఇతరులకు ప్రమాదం తెచ్చే స్థితుల గురించి. ఆస్తమా వాటిలోకి రాదు. దాచడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. నష్టం మాత్రం ప్రాణానికే.

ఇక మీ అబ్బాయి సంగతి. ఆ భయం ఊరికే పుట్టలేదు, వాణ్ని తప్పు పట్టకండి. 2020 జులై 6న అమెరికా ఇమిగ్రేషన్ విభాగం ఒక ప్రకటన చేసింది. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగితే విదేశీ విద్యార్థులు దేశం వదిలి వెళ్లాలి, లేదంటే నేరుగా క్లాసులు జరిగే కాలేజీకి మారాలి అని. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. జులై 14న ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఎనిమిది రోజులూ మన పిల్లలు ఎలా గడిపారో వాళ్లనే అడగాలి. ఇంటికి వద్దామంటే మార్చి 22 తర్వాత మామూలు అంతర్జాతీయ విమానాలు లేవు, మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో సీటు దొరకాలి. వచ్చాక వీసా పని పడితే కాన్సులేట్‌లో మామూలు వీసా పనులు మార్చిలోనే ఆగిపోయాయి (అప్పుడది బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది, మీ బాల్కనీ ఎదురుగా తెరుచుకుంది 2023 మార్చిలో). అటు చదువు కోసం చేసిన అప్పు, ఇటు స్టేటస్. అలాంటి వేళ జ్వరం సంగతి ఎవరికీ చెప్పకపోవడమే మంచిదని ఆ వయసు కుర్రాడికి అనిపించింది.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. వాడి భయానికి మందు అప్పటికే రూల్స్‌లో ఉంది, ఎవరూ చెప్పలేదు. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి జబ్బు చేస్తే, లైసెన్సున్న డాక్టరు ఇచ్చిన ఉత్తరం చూపించి కోర్సులు తగ్గించుకోవచ్చు. అవసరమైతే ఆ టర్మ్‌లో ఒక్క కోర్సూ చేయకపోయినా సరే. ఒక డిగ్రీ స్థాయిలో అన్నీ కలిపి 12 నెలల దాకా ఈ వెసులుబాటు ఉంది. మానసిక అనారోగ్యానికీ ఇదే వర్తిస్తుంది, క్లినికల్ సైకాలజిస్టు ఉత్తరం కూడా చెల్లుతుంది. ఒకటే షరతు: ముందు డీఎస్‌ఓ, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అనుమతి ఇవ్వాలి. ఆ తర్వాతే కోర్సు వదలాలి. ఎవరికీ చెప్పకుండా క్లాసులు మానేసి, ఫెయిలై, ఆఖర్లో జ్వరం వచ్చిందంటే అప్పుడు స్టేటస్‌కి నిజంగానే ముప్పు. చెబితే పోతుందని భయపడ్డది చెప్పకపోతేనే పోతుంది. ఈ సంగతి మీ అమ్మాయికి విమానం ఎక్కేలోపు తెలిసి ఉండాలి.

యూనివర్సిటీ చూసుకుంటుందా అన్నారు. రాసిపెట్టి ఉన్నంత వరకు చూసుకుంటుంది. 2020 మార్చి 10న హార్వర్డ్ తన విద్యార్థులకు 15వ తేదీలోగా హాస్టళ్లు ఖాళీ చేయమని చెప్పింది. అంత పేరున్న చోటే ఇచ్చిన గడువు అయిదు రోజులు. వెళ్లలేని విదేశీ విద్యార్థులు ఉండిపోతామని దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. అందుకే ర్యాంకు చూసి ధైర్యపడొద్దు. అమ్మాయి చేతే, మీరు కాదు, ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ రాయించండి. క్యాంపస్ మూసేస్తే విదేశీ విద్యార్థులకు ఉండే చోటు ఇస్తారా, మధ్యలో జబ్బు చేసి టర్మ్ వదిలితే ఫీజులో ఎంత తిరిగి వస్తుంది, ఏ వారం దాకా వస్తుంది, ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకి భోజనం, మందులు ఎవరు అందిస్తారు అని. జవాబు వచ్చాక దాన్ని భద్రపరచండి. ఫోన్‌లో చెప్పిన మాట పనికిరాదు.

ఇంకో మాట, ఇది ఏ యూనివర్సిటీ పాలసీలోనూ ఉండదు. మన ఎం.ఎస్. పిల్లలు ఎక్కువమంది క్యాంపస్ బయట నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. హాస్టళ్లలో ఉండేవాళ్ల కోసం పెట్టిన ఐసొలేషన్ గదులు వీళ్లకి దక్కుతాయన్న హామీ లేదు. మీకు దగ్గర్లోనే, గచ్చిబౌలి స్పోర్ట్స్ విలేజ్ టవర్‌ని 2020 ఏప్రిల్‌లో కరోనా రోగుల కోసం టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. ఊరు మొత్తానికి అంత ఏర్పాటు జరిగినప్పుడు, అయిదుగురున్న ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే ఏ గది వాళ్లకివ్వాలి, ఏ బాత్‌రూం, గుమ్మం దగ్గర కంచం ఎవరు పెట్టాలి అని ముందే అనుకోలేమా? లీజు మీద సంతకం పెట్టేరోజే రూమ్మేట్లతో ఈ మాట మాట్లాడమనండి.

ఆస్తమాకి: డాక్టరు ఉత్తరంలో బ్రాండు పేరు కాకుండా మందు పేరే రాయించండి. ఇక్కడ సాల్బ్యుటమాల్ అనేది అక్కడ ఆల్బ్యుటెరాల్. ఇన్‌హేలర్లు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు.

ప్ర: మా బాబు అమెరికా వెళ్తున్నాడు. కరోనా టీకా సర్టిఫికెట్ కావాలా?
- ఒక తల్లి, హనుమకొండ

జ: దేశంలోకి వెళ్లడానికి అక్కర్లేదమ్మా, ఆ నిబంధన 2023 మే 12 నుంచి లేదు. హెల్త్ సైన్సెస్ లాంటి కోర్సైతే యూనివర్సిటీని అడగండి.

ప్ర: నా చిన్నప్పటి టీకాల కార్డు పోయింది. యూనివర్సిటీ ఎంఎంఆర్ రెండు డోసులు, టీబీ టెస్టు అడుగుతోంది. మన దేశంలో వేసినవి అక్కడ చెల్లవని, అక్కడికెళ్లాక అన్నీ మళ్లీ వేస్తారని సీనియర్లు అంటున్నారు. అలాంటప్పుడు ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టడం ఎందుకు?
- ఒక విద్యార్థిని, ఖమ్మం

జ: చెల్లవన్న మాట 2021 నాటిది తల్లీ, అదింకా తిరుగుతోంది. అప్పుడు కరోనా టీకాల విషయంలో అందులో నిజం ఉంది. హైదరాబాద్ పక్కనే జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2021 నవంబరు 3న గానీ రాలేదు. ఆగస్టులో క్లాసులున్న పిల్లలు, రెండు డోసులు వేసుకుని కూడా, అక్కడికి వెళ్లి మరో టీకా మొదటి నుంచీ వేయించుకోవలసి వచ్చింది. కొవిషీల్డ్ వేసుకున్నవాళ్లది ఇంకో ఇబ్బంది, రెండు డోసుల మధ్య 12 నుంచి 16 వారాల గడువు. ఆ ఏడాది జూన్ 7న కేంద్రం విదేశాలకు వెళ్లే విద్యార్థులకు 28 రోజులు దాటితే చాలని సడలించింది, సర్టిఫికెట్‌ని పాస్‌పోర్టు నంబరుతో జత చేయించింది. మన రాష్ట్రంలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ పిల్లల కోసమే ప్రత్యేకంగా టీకాలు వేశారు. ప్రభుత్వం పిల్లల క్యాలెండరు చూసి రూలు మార్చిన సందర్భం అది. నేనెప్పుడూ మెచ్చుకుంటూనే ఉంటాను.

నీకు కావలసిన ఎంఎంఆర్‌తో ఆ తగవు లేదు. డాక్టరు సంతకం, తేదీ ఉంటే ఇక్కడ వేసినదీ చెల్లుతుంది. కార్డు లేకపోతే రెండు దారులు. రక్తపరీక్షతో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు యాంటీబాడీలున్నాయని చూపించడం ఒకటి, మళ్లీ రెండు డోసులు వేయించుకోవడం రెండోది. మళ్లీ వేసుకుంటే హాని లేదు, గర్భం ఉంటే మాత్రం వేయించుకోకూడదు. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. అంటే వెళ్లడానికి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి, చివరి వారం షాపింగ్ మధ్యలో కాదు.

టీబీకి చేతి మీద వేసే చర్మపరీక్ష వద్దు. మనకి పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి అది తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. ఇగ్రా అనే రక్తపరీక్ష చేయించుకో. అది ఎంఎంఆర్ వేసిన రోజే చేయించాలి, లేదా నాలుగు వారాలు ఆగి చేయించాలి. మధ్యలో చేస్తే ఫలితం నమ్మలేం. పాజిటివ్ వచ్చినా కంగారు పడి రిపోర్టు చించేయకు. క్రిమి ఒంట్లో నిద్రాణంగా ఉందని మాత్రమే దానర్థం కావచ్చు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే మందు ఇస్తారు.

ప్ర: యూనివర్సిటీ ఇన్సూరెన్స్ చాలా ఖరీదు. ఇక్కడ తీసుకునే పాలసీ అందులో నాలుగో వంతుకే వస్తోంది. అది చూపించి యూనివర్సిటీది వద్దనొచ్చా?
- ఒక విద్యార్థి, గచ్చిబౌలి

జ: యూనివర్సిటీ ఒప్పుకుంటే వద్దనొచ్చు. నేను మాత్రం ఒప్పుకోను. జె-1 వీసా మీద ఎక్స్ఛేంజ్‌కి వెళ్లేవాళ్లకి అమెరికా ప్రభుత్వమే కొలత పెట్టింది: ఒక్కో జబ్బుకి, ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల వైద్యం, అత్యవసరంగా తరలించడానికి 50,000, మరణిస్తే స్వదేశానికి చేర్చడానికి 25,000. ఎఫ్-1కి అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ఏదీ లేదు, ఎక్కువ చోట్ల అది యూనివర్సిటీ ఇష్టమే. అందుకే చవక పాలసీల బేరం ఎఫ్-1 పిల్లల దగ్గరే నడుస్తుంది.

నీ చవక పాలసీలో మూడు చోట్ల చూడు. ముందు నుంచీ ఉన్న జబ్బులు, మానసిక వైద్యం, మహమ్మారి. ఈ మూడూ మినహాయింపుల జాబితాలో ఉంటే నువ్వు దాదాపు ఏమీ కొననట్టే. చాలా యూనివర్సిటీల సొంత ప్లాన్లలో ముందునుంచీ ఉన్న జబ్బులకూ వైద్యం ఉంటుంది. ఎమర్జెన్సీకి వెళ్తే డబ్బు లేదని పంపెయ్యరు, 1986 నుంచి చట్టం ఉంది. కానీ వైద్యం చేశాక బిల్లు నీ పేరునే వస్తుంది.

ఇంకో గండం ఉంది, అది చదువయ్యాక. ఓపీటీలో (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) చేరగానే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆగిపోతుంది, ఉద్యోగంలో కొత్తది రావడానికి నెలలు పడుతుంది. ఆ మధ్య కాలంలో మనవాళ్లు ఏమీ లేకుండా తిరుగుతారు. అప్పుడే ప్రమాదమో జబ్బో జరిగితే వాట్సాప్‌లో చందాల విన్నపాలు తిరుగుతాయి. తానా టీమ్ స్క్వేర్ లాంటి సంఘాలు పరుగెత్తుతాయి, చేతులెత్తి దండం పెట్టాలి వాళ్లకి. కానీ అలాంటి చందా నీ పేరు మీద మొదలవకూడదు. ఆ కొన్ని నెలలకీ విడిగా పాలసీ తీసుకో.

ప్ర: మహమ్మారి మళ్లీ వస్తుందేమోనని మనవణ్ణి విదేశాలకి పంపడం మానేద్దామా?
- ఒక తాతగారు, భీమవరం

జ: వద్దండీ, పంపండి.

ప్ర: మా తమ్ముడికి కిర్గిజ్‌స్తాన్‌లో ఎం.బి.బి.ఎస్. సీటు ఖాయం చేశారు. ఏదైనా మహమ్మారి వస్తే ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చని ఏజెంటు ధీమా ఇస్తున్నాడు. నిజమేనా?
- ఒక అక్క, కర్నూలు

జ: నమ్మవద్దమ్మా. ఆన్‌లైన్ పాఠాలతో డాక్టరు కాలేరని మన నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పేసింది. 2021 నవంబరు 18 నాటి నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, ఆపైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. చైనాలో చదివే మన పిల్లల గతి మీరు చూసే ఉంటారు. 2020 మార్చి 28న ఆ దేశం విదేశీయులకు తలుపులు మూసింది, 2022 ఆగస్టు దాకా విద్యార్థి వీసాలు మళ్లీ ఇవ్వలేదు. అన్నాళ్లూ ఫోన్‌లో అనాటమీ చదివారు. 2022 జూన్ 30లోగా పట్టా చేతికొచ్చిన చివరి ఏడాదివాళ్లకి ఒక్కసారికి ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష రాసే అవకాశమిచ్చి, ఇంటర్న్‌షిప్‌ని రెండేళ్లు చేశారు. మిగతావాళ్లకి ఆ సడలింపు వర్తించలేదు.

ఫిలిప్పీన్స్ పిల్లలదింకో కథ. 2020 మార్చిలో ఇంటికి బయలుదేరి కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకుపోయారు. తర్వాత ప్రత్యేక అనుమతితో విశాఖకు, ఢిల్లీకి చేర్చారు. మీ తమ్ముడు వెళ్లగానే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. ఎక్కడెంతమంది ఉన్నారో తెలియకపోతే ఏ రాయబార కార్యాలయమూ విమానం పంపలేదు. ఏజెంటు చెప్పేదేదైనా కాగితం మీద రాసిమ్మనండి, ఇవ్వడు.

ప్ర: యూనివర్సిటీ పోర్టల్‌లో నా ఆరోగ్య వివరాలు ఎవరికి చెప్పవచ్చో రాసే ఫారం ఉంది. అమ్మానాన్నల పేర్లు రాయలేదు. చిన్న జలుబుకి కూడా అమ్మ ఏడుస్తుంది, నాన్న వచ్చెయ్యమంటారు. తప్పు చేశానా?
- ఒక విద్యార్థి, ప్రస్తుతం ఒహాయో

జ: తప్పు నీది కాదు నాయనా, కానీ ఆ గడి ఖాళీగా ఉంచకూడదు. అమెరికాలో నువ్వు కాలేజీలో చేరాక నీ రికార్డులు నీవే. నువ్వు సంతకం పెట్టకపోతే మీ అమ్మ ఎన్నిసార్లు ఫోన్ చేసినా యూనివర్సిటీ, ఆసుపత్రి నోరు విప్పవు. ప్రాణం మీదికొచ్చినప్పుడు చెప్పేందుకు మినహాయింపు ఉంది, అది వాళ్ల విచక్షణ. ఐసీయూలో ఉన్న కొడుకు గురించి ఇక్కడి తల్లిదండ్రులు రోజులపాటు ఎవరినీ ఏమీ అడగలేక కూర్చోవడానికి కారణం చాలాసార్లు ఈ ఖాళీ గడే.

ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకి కూడా చెబుతున్నాను. పిల్లలు మీ నుంచి జ్వరం దాస్తున్నారంటే మీరేం చేస్తున్నారో చూసుకోండి. ఫోన్‌లో ఏడవకండి. "వచ్చెయ్" అనడం మానండి. "డాక్టరు దగ్గరికెళ్లావా, డీఎస్‌ఓకి చెప్పావా, అన్నం ఎవరు తెచ్చిపెడుతున్నారు" అని అడగండి. అలా అడిగే తల్లికి పిల్లవాడు మొదటిరోజే చెబుతాడు.

నువ్వు మాత్రం ఇవాళే పోర్టల్ తెరువు. అమ్మ పేరు రాయడానికి మనసొప్పకపోతే అక్కడే ఉద్యోగం చేస్తున్న బావో, పిన్నో, నమ్మకమైన స్నేహితుడో ఎవరిదో ఒకరిది రాయి. పేరు తర్వాత మార్చుకోవచ్చు. ఆసుపత్రికెళ్తే అక్కడ వేరే ఫారం ఇస్తారు, దాని మీదా అదే పేరు రాయి. ఆ మనిషికి మీ ఇంటి నంబరు ఇచ్చి ఉంచు.