వంగుటకూ, లేచుటకూ ఉదరబలము

కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో సాష్టాంగపడిన పెద్దలు పక్కవారి చేయూతతో లేచుట మనము చూచుచునే ఉన్నాము. బాల్యమున నిత్యము సూర్యనమస్కారములు చేసిన నేనును, దశాబ్దములు కూర్చుండి పాఠము చెప్పిన పిదప, ఒకనాడు అట్లే లేవలేకపోయితిని.

తప్పు మోకాళ్ళదే అనుకొంటిమి. కాని వెన్నెముక స్తంభమైనచో ఉదరకండరములు దానికి ముందువైపు కట్టు. ఆ కట్టు సడలినచో భారము నడుముపై పడును.

హఠయోగప్రదీపిక రెండవ ఉపదేశమున నౌళి, మూడవ ఉపదేశమున ఉడ్డియానబంధము చెప్పబడినవి. శ్వాసను పూర్తిగా విడిచి నాభిని వెన్నువైపునకు, పైకి ఆకర్షించుటయే ఉడ్డియానము. ఇవి గురుముఖతః నేర్వదగినవి. గర్భిణులు, రక్తపోటు, హృద్రోగము, హెర్నియా ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు చేయరాదు.

పెద్దలకు సులభమైన విధానమొకటి కలదు. ఉదయము పరగడుపున చాపపై వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడువవలెను. మెల్లగా శ్వాస విడుచుచు, నాభిని లోనికి తీసుకొని, ఒక పాదమును జానెడు ఎత్తి దించవలెను, పిదప రెండవది. శ్వాస బిగబట్టరాదు. ఐదేసి సార్లతో ఆరంభించి క్రమముగా పెంచవలెను. నొప్పి కలిగిన ఆపి, వైద్యుని అడుగవలెను.

నేను నిత్యము ఇట్లు చేసితిని. కొన్ని మాసములకు ఎవరి చేయీ పట్టక లేచితిని. ఉదరబలము ప్రదర్శనకు కాదు. స్వామి ముందు వంగి, మరల స్వయముగా లేచుటకు.

శుభం భూయాత్.