ముందు మొదలు పట్టి చూడు

అనంతపురం

చిరంజీవి మానసకు,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. మీ కంటే ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు బాల్కనీలో వదిలేసి వెళ్లిన కుండీలోది కుందేటికొమ్ములు. ఆకుల్లేని ఆ నాలుగు పలకల కాడల్ని ఎండుపుల్లలనుకున్నావు గానీ, అది బతికే ఉంది. మన గుట్టల మీద రాళ్ల సందుల్లో, ముళ్లపొదల చాటున పెరిగే మొక్క. జిల్లేడు కుటుంబానిది. 1795లోనే రాక్స్‌బర్గ్ దొర తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా దీని గురించి రాశాడు.

ముడతలు పడిందని రోజూ చెంబెడు నీళ్లు పోస్తున్నానన్నావు. ముందది ఆపు. నీళ్లు చాలకపోయినా కాడ ముడుచుకుంటుంది, నీళ్లెక్కువై వేరు కుళ్లినా ముడుచుకుంటుంది. వేరు పోయాక మట్టి ఎంత తడిగా ఉన్నా మొక్క తాగలేదు కదా! పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా మొదలు దగ్గర తెలుస్తుంది. మట్టికి ఆనిన చోట బొటనవేలితో నొక్కి చూడు. గట్టిగా ఉంటే దాహం. మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే కుళ్లు.

దాహమైతే, అడుగు చిల్లులోంచి కారేదాకా ఒక్కసారి పోసి, మళ్లీ మట్టి పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకు. కుళ్లైతే, మొక్కను పెరికి, స్పిరిట్‌తో తుడిచిన చాకుతో లోపల పచ్చగా కనబడే చోటుదాకా కోసెయ్. మంచి కాడల్ని వారంపాటు నీడలో ఆరనివ్వు. కోసిన చోట పెచ్చు కట్టాక పొడిమట్టిలో గుచ్చు. మరో వారం తర్వాతే మొదటి తడి.

చిల్లున్న మట్టికుండీ తీసుకో. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, నలగ్గొట్టిన ఇటుకముక్కలు ఒక పాలు కలుపు. ఎరువు జోలికి పోకు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకూడదు. గుట్ట మీద దానికి పొద నీడ ఉంటుంది, నీ బాల్కనీలో ఉండదు. కాడలు ఎర్రబారితే ఎండ ఎక్కువైందని, పాలిపోయి సన్నగా సాగితే వెలుతురు చాల్లేదని అర్థం చేసుకో.

ఈ మొక్క పగలు తన రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాకే తెరిచి గాలి పీలుస్తుంది. అందుకే నీళ్ల ఖర్చు చాలా తక్కువ. పుల్ల గుచ్చి చూసి, అడుగుదాకా పొడిగా వస్తేనే నీళ్లు పొయ్. చలికాలంలో నెలకోసారి చాలు. ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరుపు. కాడల మూలల్లో తెల్లటి దూదిలాంటిది కనబడితే అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్.

వానాకాలంలో సన్నటి కొనల వెంట ముదురురంగు చిన్న పూలు వస్తాయి. ఈగలు ముసిరితే కంగారుపడకు, దీనికి పరాగం మోసేవి అవే. పూసిన కొన తర్వాత ఎండిపోతుంది, అది జబ్బు కాదు.

చివరిగా ఒక్క మాట. ఇది బతికిందని ముచ్చటపడి, ఇంకో నాలుగు కావాలని ఏ గుట్ట మీదా పెరక్కు. పచ్చడికి కోసుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు ఆకలి తగ్గించే మాత్రల కోసం కూడా ఏరుతున్నారు. నీ దగ్గరున్న కాడే విరిచి ఆరబెట్టి గుచ్చితే మరో కుండీ అవుతుంది. అడిగినవాళ్లకు అదివ్వు, నీళ్లు తక్కువ పొయ్యమని చెప్పి మరీ ఇవ్వు.

మీ పెద్దమ్మ