మాటలు రాని బిడ్డకు బొమ్మల పలక

రెండేళ్ళు దాటినా బిడ్డ నోట మాట రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు, "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి, అవే వస్తాయిలే" అంటారు. రావచ్చు. అందాకా ఆ బిడ్డ ఆకలీ నొప్పీ ఇష్టమూ ఎలా చెప్పుకోవాలి? ఏడుపు ఒక్కటే దారి కాకూడదు. బొమ్మను తాకి మనసులో మాట చెప్పుకునే బొమ్మల పలక ఇంకో దారి చూపిస్తుంది. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు.

బొమ్మలకు అలవాటు పడితే ఇక మాట్లాడడేమోనని చాలామంది భయపడతారు. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు 2006లో ఇలాంటి సాధనాల మీద వచ్చిన పాత అధ్యయనాలను జల్లించారు. గట్టి ఆధారం దొరికిన 27 మందిలో 89 శాతం మందికి మాట పెరిగింది. ఏ ఒక్కరికీ తగ్గలేదు.

పలకతో పాటే వినికిడి పరీక్ష కూడా చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనూ ఇలాంటి పిల్లలకు సేవలున్నాయి.

కావలసినవి: ఫోన్‌లో తీసిన ఫొటోల ప్రింట్లు, మందపాటి అట్ట, లామినేషన్, వెల్క్రో పట్టీ.

1. మాటలు ఎంచుకోవడం. బిడ్డ దేనికోసం చెయ్యి పట్టి లాగుతున్నాడో, దేనికి మొహం తిప్పుకుంటున్నాడో కొన్నాళ్ళు గమనించి రాసుకోండి. బంతి, పాలు, అరటిపండు లాంటి పేర్లతో ఆగిపోవద్దు. ఇంకా, వద్దు, అయిపోయింది, రా, ఇవ్వు అనేవి స్నానంలోనూ ఆటలోనూ అన్నం దగ్గరా పనికొస్తాయి. "వద్దు" తప్పకుండా ఉండాలి. కాదనగలిగిన బిడ్డకు విసిరికొట్టే అవసరం తగ్గుతుంది.

2. బొమ్మలు తయారుచేయడం. మీ ఇంటి గ్లాసునే, వాడి బంతినే ఫొటో తీయండి. వెనక దుప్పటి పువ్వులు, సామాన్లు కనపడకూడదు. ఫొటోకు లొంగని "ఇంకా", "వద్దు" లాంటివాటికి తేలికైన గీత బొమ్మ వేసి, ఎక్కడైనా అదే వాడండి. కింద మాట రాయండి. మీరు బువ్వ అంటారా? బువ్వ అనే రాయండి. అప్పుడే అమ్మ, నాయనమ్మ, అంగన్‌వాడీ టీచర్ అందరూ ఒకే మాట అంటారు.

3. అతికించడం. లామినేషన్ చేసి అంచులు గుండ్రంగా కత్తిరించి, వెల్క్రోతో అట్టకు అతికించండి. పసివాళ్ళు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వెల్క్రో గట్టిగా అంటుకుందో లేదో చూడండి. మొదట రెండు మూడు బొమ్మలు చాలు. అలవాటయ్యే కొద్దీ పెంచండి. ఒకసారి పెట్టిన బొమ్మ చోటు మార్చవద్దు.

4. ముందు మీరు మాట్లాడటం. అసలు పని ఇదే. పాలు పోస్తూ "ఇంకా" బొమ్మ మీద వేలు పెట్టి, నోటితో "ఇంకా!" అనండి. ఆట ముగిశాక "అయిపోయింది" చూపించండి. రోజంతా ఇలా చూపిస్తూనే ఉండండి. "ఇదేంటి? చూపించు" అని పరీక్షలు పెట్టవద్దు. బొమ్మ చూపించేదాకా అన్నం ఇవ్వకుండా ఆపవద్దు.

5. ఆగి చూడటం. చూపించాక మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనంలోనే బిడ్డ ఆలోచించుకుంటాడు. బొమ్మను తాకినా, తేరిపార చూసినా, ఒక శబ్దం చేసినా జవాబుగానే తీసుకుని వెంటనే స్పందించండి. చెయ్యి కదపలేని బిడ్డకు రెండు బొమ్మలు ఎడంగా పట్టుకుని, చూపు ఎటు నిలిచిందో గమనించండి.

6. మాటకు మాట చేర్చడం. వాడు "ఇంకా" చూపిస్తే మీరు "ఇంకా పాలు" అని రెండూ చూపించండి. పలక చాలని రోజు వచ్చినప్పుడు ఐఐటీ బాంబే తయారుచేసిన ఉచిత యాప్ జెల్లో, చెన్నైలో పుట్టిన ఆవాజ్ లాంటివి స్పీచ్ థెరపిస్టు సలహాతో వాడవచ్చు.

పలకను బీరువాలో దాచవద్దు. మన నోరు ఎప్పుడూ మన దగ్గరే ఉన్నట్టు, అది బిడ్డకు అందేచోటే ఉండాలి. మాటలు వస్తాయేమో చూద్దామని ఆగకండి, ఈ వారమే రెండు బొమ్మలతో మొదలుపెట్టండి.