ఆరోగ్య బీమా: ప్రీమియ మొక్కటే ఖర్చు కాదు

రంపచోడవరం కొండలలో ఎవరికైన పెద్ద జబ్బు చేసినచో, వైద్యమునకు రాజమహేంద్రవరమో కాకినాడయో పోవలసివచ్చును. అట్టివేళ రాబోవు జీడిమామిడి పంట అప్పుల పాలు గాకుండ కాపాడుటయే ఆరోగ్య బీమా ప్రయోజనము.

మొదట ఉచిత రక్షణను విచారింపవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకము నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుచుచున్నది. అర్హత గల కుటుంబములు దీనికి ప్రీమియము చెల్లింపనక్కరలేదు.

అర్హత లేనివారు పాలసీ కొనునపుడు ప్రీమియమును మాత్రమే చూడరాదు. ఉదాహరణకు, ఒక పాలసీకి ఏటా 6,000 రూపాయలు. వేరొకదానికి 4,000 రూపాయలే, కాని బిల్లులో నూటికి 20 వంతులు రోగియే భరింపవలెను. బీమాకు పూర్తిగా లోబడిన 50,000 రూపాయల బిల్లు వచ్చినచో, మొదటిదానికి మొత్తము ఖర్చు 6,000. రెండవదానికి 4,000, 10,000 కలిసి 14,000.

పాత జబ్బులకు ఎంతకాలము వేచియుండవలెనో, నగదు లేకుండ చికిత్స చేయు ఆసుపత్రి ఎచ్చట నున్నదో అడుగవలెను. ఆ గడువు 3 సంవత్సరములకు మించరాదని 2024లో నియమ మేర్పడినది. నచ్చని పాలసీని, అందిన 30 దినములలోపల వాపసు చేయవచ్చును.

సభ్యులారా! ఈ లెక్కను గ్రామసభలో వివరింపుడు. అర్హత యుండియు వైద్యసేవలో చేరని కుటుంబముల జాబితా వ్రాయుడు. జబ్బు రాకముందే ఈ పని జరుగవలెను.