వరిలో కాండం తొలిచే పురుగు: శివారు ఆయకట్టుకు సూచనలు

కృష్ణా పశ్చిమ డెల్టాకు చిట్టచివరనున్న నిజాంపట్నం, రేపల్లె మాగాణుల్లో సార్వా వరిని దెబ్బతీసే పురుగుల్లో కాండం తొలిచే పురుగు ముఖ్యమైనది. కాలువ నీరు శివారుకు ఆలస్యంగా చేరుతుంది, నాట్లూ వెనకబడతాయి. ఆలస్యంగా నాటిన చేలలోనే దీని ఉధృతి హెచ్చు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) దాదాపు ఐదు నెలల పంట కావడంతో పురుగు తరం వెంట తరం పెరగడానికి వీలు చిక్కుతుంది.

ఆడ రెక్కల పురుగు పసుపు రంగులో, ముందు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్కతో ఉంటుంది. ఆకు కొనల దగ్గర గుంపుగా గుడ్లు పెట్టి గోధుమరంగు నూగుతో కప్పేస్తుంది. వారం రోజుల్లో పిల్ల పురుగులు బయటికొచ్చి కాండంలోకి తొలుచుకుపోతాయి. పిలక దశలో మొవ్వు ఎండి, లాగితే ఊడి వస్తుంది. ఈనిక దశలో సోకితే కంకి తాలుబోయి తెల్లగా నిటారుగా నిలబడుతుంది. తెల్ల కంకులు కనిపించాక మందు కొట్టడం డబ్బు దండగ. ఆ కంకి ఇక పాలు పోసుకోదు.

 పిల్ల పురుగు కాండంలో దూరకముందే దాన్ని అదుపు చేయాలి. అందుకు అదను గుడ్ల దశ. నీటి కోసం ఎదురుచూసి నారు ముదిరిన చోట కొనలు తుంచి నాటడం తప్పనిసరి. గుడ్లు చాలావరకు దానితోనే పోతాయి. తుంచిన కొనలను చేలో వదలక నాశనం చేయాలి.

ఎకరానికి మూడు లింగాకర్షక బుట్టలు పెడితే పురుగు రాక ముందే తెలుస్తుంది. చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం గానీ, చేలో 5 శాతం చచ్చిన మొవ్వులు గానీ ఉంటే, పలచగా నీరు నిలిపి ఎకరానికి 8 కిలోల కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి లేదా 4 కిలోల క్లోరాంట్రానిలిప్రోల్ 0.4జి గుళికలు చల్లాలి. పొట్ట దశలో రెక్కల పురుగులు తిరుగుతుంటే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ 60 మి.లీ.ను 200 లీటర్ల నీటిలో కలిపి ఎకరానికి పిచికారీ చేయాలి. యూరియా మోతాదు మించితే పురుగు మరింత పెరుగుతుంది.

పంట అయ్యాక పురుగు మోళ్లలో దాగుతుంది. వరి వెంట మినుము చల్లే మాగాణుల్లో దుక్కి ఉండదు కనుక దానికి అదే ఆశ్రయం. అందుకే వరిని నేలమట్టానికి కోయించాలి. మినుము తీయగానే వేసవి దుక్కి దున్నాలి. ఊరి రైతులంతా కలిసి చేస్తేనే ఇది ఫలిస్తుంది.