చామంతి ఏది? వయ్యారిభామ ఏది?

కనుమ నాడు అహోబిలేశుని పల్లకి పారువేటకై దిగువ అహోబిలమునుండి బయలుదేరును. సుమారు 40 దినములపాటు 30కి పైగా గ్రామములలో అది విడిది చేయును. ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలలో (ఇది 2022 వరకు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా) ఆ దినములలో బంతిపూల తోరణము లేని గుమ్మము అరుదు. అయితే పల్లకి నడచు బాట ప్రక్కన, తడి యున్న చోటనెల్ల, చామంతి యాకును పోలిన ఆకులతో మరియొక మొక్కయు పెరుగుచుండును. దానిని ఎవరును నాటలేదు. పూలమొక్కయే కదా యని కొందరు దానిని పీకక వదలివేయుదురు.

ఈ రెంటిని వేరుపరచుటకు ముందు ఒక విషయము తెలిసికొనవలెను. పొద్దుతిరుగుడు పూవును చేతికి తీసికొని పరిశీలింపుడు. అది ఒక్క పూవు కాదు. వందలకొలది చిన్న పూలు ఒక పళ్లెముమీద దగ్గరగా కూర్చబడియున్నవి. అంచున రేకుల వలె కనిపించునవి కూడ ఒక్కొక్కటి ఒక్కొక్క పూవే. బంతి, చామంతి, కుసుమ, దవనము, మాచిపత్రి, గుంటగలగర, గడ్డిచామంతి, వయ్యారిభామ అన్నియు ఈ కుటుంబమునకే చెందినవి. కావున రంగును, రేకులను మాత్రమే చూచి పేరు చెప్పినచో పొరపాటు తప్పదు. పూవును తలక్రిందు చేసి చూడవలెను, ఆకును పరీక్షింపవలెను.

పచ్చ బంతి, పచ్చ చామంతి బుట్టలో కలిసియున్నపుడు పైనుండి చూచిన భేదము తెలియకపోవచ్చును. త్రిప్పి చూచినచో పసిపిల్లవాడును చెప్పగలడు. బంతిపూవు క్రింద పచ్చని గిన్నె యొకటే, అతుకు లేకుండ ఉండును. చామంతి క్రింద చిన్న చిన్న పొలుసులు ఒకదానిపై నొకటి వరుసలుగా పేర్చినట్లుండును. బంతి యాకును ఎండకెత్తి పట్టిన, నూనె బిందువుల వంటి చుక్కలు కనబడును. దాని ఘాటైన వాసన ఆ నూనెదే. గేలార్డియా రేకులు రాలిన పిమ్మట గరుకైన గుండ్రని బంతి మిగులును, ఆకు గరుకుగా ఉండును.

ఔషధముకొరకు మొక్కలు సేకరించువారు గుంటగలగరకును, గడ్డిచామంతికిని గల భేదమును గమనింపవలెను. గుంటగలగర కాలువ గట్లను, మడి గనుములను విడువదు. దాని తెల్లని పూవు చుట్టును సన్నని రేకులు లెక్కకు మించి యుండును. కాడను నలిపిన కొంతసేపటికి నల్లబడును. గడ్డిచామంతి నేలబారుగా ప్రాకి, జానెడు పొడవైన సన్నని కాడ చివర ఒక్క పూవునే నిలుపును. దాని రేకులు నాలుగైదు మాత్రమే. గింజకు కుచ్చు ఉండుటచే గాలికి ఎగిరిపోవును.

అసలు చిక్కు వినాయకచవితి ముందు వచ్చును. పత్రిలో మాచిపత్రి ముఖ్యమైనది. అది దొరకనపుడు, చీలికల యాకును చూచి, వయ్యారిభామను కోసికొని వచ్చు ప్రమాదము కలదు. మాచిపత్రి యాకు అడుగు తెల్లగా, నూగుతో నుండును, వాసన హాయిగా నుండును. వయ్యారిభామ యాకు రెండు వైపులను ఇంచుమించు ఒకే లేతపచ్చన. లేతదశలో దాని యాకులు నేలకు అంటుకొని చక్రము వలె పరచుకొనును. తరువాత లేచు కాడపై పొడవునా గాళ్లు పడియుండును. పూలు కందిగింజంత, తెల్లన. అయితే అనుమానము గల మొక్కను నలిపి వాసన చూడరాదు. దాని స్పర్శచే అనేకులకు చర్మమున దురద, దద్దురు కలుగును, పుప్పొడిచే తుమ్ములును, ఆయాసమును రావచ్చును. మేసిన పశువుల పాలు చేదెక్కును.

చామంతిని గుర్తించుటకు మరియొక సులువు కలదు. చామంతిని మనము పిలకలతో నాటుదుము, బాట గట్టున అది తనంతట మొలవదు. నాటని చోట చామంతి మొలిచినదని ఎవరైన చెప్పినచో దానిని చామంతిగా నమ్మరాదు.

వయ్యారిభామ అమెరికా ఖండపు మొక్క. మన దేశమున 1955 ప్రాంతమున పూనాలో గుర్తింపబడి, క్రమముగా దేశమంతట వ్యాపించినది. మొలిచిన నెల, నెలన్నరలోనే పూయును. ఒక్క పెద్ద మొక్క 10,000కు మించి గింజలను రాల్చగలదు. దీని యాకులను తిను మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిపెట్టిరి. వానకాలమున మొక్కపై గోధుమ చారల పెంకుపురుగులు కనబడిన, వానిని చంపక వదలివేయుడు.

అయినను పురుగొక్కటే చాలదు. తొలి వానలు కురిసి నేల మెత్తబడినపుడు, పూత రాకమునుపే, బడి ఆవరణను, బావి చప్టాను, బాట ప్రక్కలను పంచాయతీ శుభ్రపరపించుట మేలు. కూలివారికి చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కాలు ఏర్పాటు చేయవలసిన ఖర్చు పంచాయతీదే. వట్టి చేతులతో పీకుమనుట న్యాయము కాదు. పూత పట్టని మొక్కను ఎరువుగుంటలో వేయవచ్చును. పూచిన దానిని వేయరాదు. గింజ చావక, ఎరువుతోబాటు పొలమునకు చేరును.